పిలుస్తాడంతే... చెయ్యి పట్టి లాగడు!

'సైతాను పట్టిందండీ ఆడికి!' తాగి వీధిలో తగువుకు దిగినవాణ్ని చూసినా, ఉన్న అరెకరం పందేనికి ఒడ్డినవాణ్ని చూసినా కోనసీమలో ఈ మాటే వినిపిస్తుంది. అన్నది ఏ మతంవారైనా మాట ఒకటే. మరి ఆ సైతాను గురించి ఇస్లాం ఏమంటోంది? వాడికి మనిషి మీద ఉన్న బలమెంత? వాడి పేరు చెప్పి మనిషి ఎంతవరకు తప్పించుకోగలడు?

సంకెళ్ల నెలలోనూ తప్పులెందుకు?

రంజాన్ నెల మొదలవగానే స్వర్గ ద్వారాలు తెరుచుకుంటాయి, నరక ద్వారాలు మూతపడతాయి, సైతాన్లకు సంకెళ్లు పడతాయి. ప్రవక్త ముహమ్మద్ (స) చెప్పిన ఈ మాట బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. అమలాపురమైనా రాజోలైనా కొత్తపేటైనా, రంజాన్ ప్రసంగాల్లో ఈ ప్రస్తావన రాక మానదు. దాని వెనకే కుర్రకారుకు ఓ సందేహమూ వస్తుంది. సైతాను సంకెళ్లలో ఉంటే ఆ నెలలో కూడా తూకంలో మోసం చేస్తున్నది ఎవరు? ఉపవాసం ఉండి చాడీలు చెప్పిస్తున్నది ఎవరు?

దీనికి పండితులు రకరకాలుగా జవాబిచ్చారు. సైతాన్ల మూకలో మరీ తలబిరుసు వాళ్లకే సంకెళ్లని కొందరన్నారు. ఉపవాసాన్ని నిష్ఠగా పాటించేవాళ్ల జోలికి రాకుండానే కట్టడి అని ఇంకొందరన్నారు. వాళ్లంతా ఒప్పుకొనే విషయం ఒకటుంది. తప్పు చేయడానికి మనిషికి సైతాను తోడు తప్పనిసరేం కాదు. లోపల గూడుకట్టుకున్న కోరికలు చాలు, పదకొండు నెలల అలవాటు చాలు, చెడు స్నేహం చాలు. సైతాన్లు కంటికి కనిపించని జిన్నుల్లోనే కాదు, మనుషుల్లోనూ ఉంటారని ఖురాన్ 6వ అధ్యాయమే చెబుతోంది.

నిప్పుకు మట్టి మీద చిన్నచూపు

సైతాన్ల పెద్ద ఇబ్లీస్ కథ ఖురాన్‌లో ఒకేచోట ఉండదు. 2, 7, 15, 17, 18, 20, 38 అధ్యాయాల్లో ఒక్కోచోట ఒక్కో కోణంలో వస్తుంది. దేవుడు మట్టితో ఆదంను చేసి ప్రాణం పోశాడు. అతనికి సాష్టాంగపడమని దేవదూతలను ఆదేశించాడు. అందరూ వంగారు, ఇబ్లీస్ ఒక్కడూ వంగలేదు. తాను నిప్పుతో పుట్టాననీ, మట్టితో పుట్టినవాడికంటే తానే గొప్పనీ వాదించాడు. పుట్టుకను చూసి ఎదుటివాణ్ని తక్కువ చేయడం... ఇస్లాం కథలో సృష్టిలోని మొదటి తప్పు ఇదే. తాగుడు, దొంగతనం, హత్య అన్నీ దీని తర్వాతే.

ఇబ్లీస్ దేవదూత కాడనీ, జిన్నుల జాతివాడనీ 18వ అధ్యాయం స్పష్టం చేస్తుంది. దేవదూతలకు ఎదురుచెప్పే స్వభావం ఉండదు. జిన్నులకు మాత్రం మనుషుల్లాగే మంచీ చెడూ ఎంచుకునే స్వేచ్ఛ ఉంది. అంటే సైతాను దేవుడికి పోటీగా నిలిచిన మరో శక్తి కాడు. వెలుగుకు ఒక దేవుడు, చీకటికి ఒక దేవుడు అన్న ఊహకు ఇస్లాంలో చోటు లేదు. వాడూ సృష్టిలో ఒకడే. ప్రళయం దాకా గడువు అడిగి తీసుకున్నాడు, ఆ గడువులోనే తిరుగుతున్నాడు.

తర్వాతి ఘట్టం తోటలో. నిషేధించిన చెట్టు దగ్గరికి వెళ్తే చావు ఉండదని, చెక్కుచెదరని రాజ్యం దక్కుతుందని ఇబ్లీస్ ఆశపెట్టాడు. ఖురాన్ చెప్పే ఈ కథలో పాము లేదు. ఆడమనిషి వల్లే మగవాడు చెడ్డాడన్న నింద కూడా లేదు. ఇద్దరూ మోసపోయారు, ఇద్దరూ తప్పు ఒప్పుకున్నారు, ఇద్దరికీ క్షమ దొరికింది. ఆ తప్పు తరతరాలకు వారసత్వంగా రాదు. తల్లిదండ్రుల పాపం బిడ్డకు అంటదు. కోనసీమ పల్లెల్లో పక్కపక్క వీధుల్లోనే ఉండే చర్చి బోధకూ మసీదు బోధకూ ఇక్కడ తేడా కనిపిస్తుంది.

ఈ కథలో ఆజ్ఞ మీరింది ఇబ్లీస్ ఒక్కడే కాదు, ఆదం కూడా. వాళ్లను వేరుచేసింది ఆ తర్వాత వాళ్లన్న మాట. ఆదం దంపతులు తమకు తామే అన్యాయం చేసుకున్నామన్నారు. ఇబ్లీస్ మాత్రం నువ్వే నన్ను దారి తప్పించావంటూ నేరాన్ని దేవుడి మీదకే నెట్టాడు. ఆ లెక్కన, అంతా సైతానే చేయించాడని చేతులు దులుపుకొనేవాడు సైతాను పద్ధతినే అనుసరిస్తున్నాడు!

తీర్పు రోజున సైతాను చేసే ప్రసంగం ఒకటి ఖురాన్ 14వ అధ్యాయంలో ఉంది. తన వెంట వచ్చినవాళ్లందరి ముందూ వాడు తేల్చిచెప్పేస్తాడు. మీ మీద నాకు అధికారమంటూ ఏమీ లేదు, నేను పిలిచాను, మీరొచ్చారు, తిట్టుకుంటే మిమ్మల్నే తిట్టుకోండి అన్నది దాని సారాంశం. వాడు నిజం చెప్పే కొద్ది సందర్భాల్లో ఇదొకటి.

అడుగులో అడుగు

సైతాను అడుగుజాడల్లో నడవొద్దని ఖురాన్ పదే పదే హెచ్చరిస్తుంది. ఒక్క గెంతులో ఎవరూ పాతాళంలో పడరు. ఏటిగట్టుకు గండి పడిన రోజే అందరికీ కనబడుతుంది. గట్టులో ఎండ్రకాయ బొరియ పెట్టిన రోజు ఎవరికీ కనబడదు. మనసు సంగతీ అంతే. చూపు, ఆ తర్వాత ఊహ, 'ఈ ఒక్కసారికి' అనే సర్దుబాటు, దాని మీద అలవాటు.

వాడి పని గుసగుస. ఖురాన్ చివరి అధ్యాయమైన అన్-నాస్ ఆ గుసగుస నుంచే శరణు కోరుతుంది. దేవుణ్ని తలుచుకోగానే వెనక్కి తగ్గడం, ఏమరగానే మళ్లీ చెవి దగ్గరికి రావడం వాడి తీరు. ముందు నుంచి, వెనక నుంచి, కుడి నుంచి, ఎడమ నుంచి వస్తానని ఇబ్లీస్ సవాలు చేశాడు. పైనుంచి వస్తానని మాత్రం అనలేదు. దైవకృప దిగివచ్చే దిక్కు అదే కనుక దాన్ని వాడు అడ్డుకోలేడని వ్యాఖ్యాతలు వివరించారు.

వాడు చెడ్డవాళ్ల చుట్టూనే తిరుగుతాడనుకుంటే పొరపాటు. బాగ్దాద్ పండితుడు ఇబ్నుల్ జౌజీ (మరణం 1201) 'తల్బీసు ఇబ్లీస్' అనే గ్రంథంలో పండితులను, భక్తులను, సూఫీలను, పాలకులను సైతాను ఎలా బోల్తా కొట్టిస్తాడో వర్గాలవారీగా విడమరిచాడు. నమాజు మానలేని భక్తుడికి మానెయ్యమని చెప్పడు. నీ అంత భక్తుడు ఊళ్లో లేడని చెబుతాడు. ఇమామ్ గజాలీ (1058-1111) మనసును కోటగా భావించి కోపం, అసూయ, అత్యాశ, తొందరపాటు, కడుపునిండా తిండి వాడు చొరబడే ద్వారాలని లెక్కగట్టాడు. మన అరిషడ్వర్గాలతో పోల్చి చూస్తే ఆ జాబితా తెలుగువాడికి కొత్తగా అనిపించదు.

బయటి గుసగుసకు లోపల పలికేది నఫ్స్, అంటే మనిషి అంతరంగం. దానికి ఖురాన్‌లో మూడు దశలు కనిపిస్తాయి. చెడుకు ఉసిగొల్పేది అమ్మారా, చేశాక నిలదీసేది లవ్వామా, కుదురుకున్నది ముత్‌మఇన్నా. మనసులో మెదిలిన చెడు ఆలోచన మాటగానో చేతగానో మారేదాకా దేవుడు పట్టించుకోడని హదీసు భరోసా ఇస్తుంది.

వుజూ నీళ్లు, బిస్మిల్లా

ముస్లిం ఇళ్లలో ఈ కాపలా పెద్ద తంతులా ఉండదు, చిన్న అలవాట్లలో ఉంటుంది. ఖురాన్ చదవబోతూ 'అఊజు బిల్లాహి...' అంటూ సైతాను నుంచి శరణు కోరతారు. ఇంట్లోకి అడుగుపెట్టేటప్పుడు, అన్నం ముందు కూర్చున్నప్పుడు బిస్మిల్లా అంటూ దేవుణ్ని తలిస్తే, ఈ రాత్రికి ఇక్కడ బసా లేదు, భోజనమూ లేదని సైతాను తన మూకకు చెప్పుకుంటాడట. ఎడమచేత్తో తినొద్దనడానికీ, ఆవలిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టమనడానికీ కారణంగా హదీసులు వాడి పేరే చెబుతాయి. కోపం వస్తే వుజూ, అంటే నమాజుకు ముందు చేసే నీళ్ల శుద్ధి, చేయమంటుంది ఇంకో హదీసు. కోపం సైతాను నుంచి, సైతాను నిప్పు నుంచి, నిప్పును ఆర్పేది నీళ్లు.

రాజమహేంద్రవరంలో నన్నయ తెలుగు చేసిన అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం ఇక్కడ గుర్తు రాక మానదు. నలుడు కాళ్లు సరిగ్గా కడుక్కోని ఒక్క క్షణం కోసం కలి ఏళ్ల తరబడి కాచుకున్నాడు, దొరకగానే దూరి జూదమాడించాడు. శుచికీ ఏమరుపాటుకూ లంకె రెండుచోట్లా ఉంది. కాకపోతే కలి ఒంట్లో కూర్చుని ఆడించాడు. సైతాను చెవిలో చెప్పి ఊరుకుంటాడు, పాచిక విసిరేది మనిషే.

పందెం, పుకారు, దూరదేశం

కోనసీమలో సైతానుకు చోటిచ్చే సందులు మూడు కనిపిస్తాయి. మొదటిది పందెం. ఖురాన్ 5వ అధ్యాయం మద్యాన్నీ జూదాన్నీ కలిపి సైతాను పనులంది. వాటితో మనుషుల మధ్య పగలు పెంచడం, దైవచింతన మరిపించడం వాడి ఉద్దేశమంది. సంక్రాంతి మూడు రోజులూ కొబ్బరితోటల్లో వెలిసే బరుల దగ్గర నిలబడితే ఈ జంట ఎందుకు విడిపోదో అర్థమవుతుంది. చట్టం కాదన్నా కోడిపందెం, పక్కనే గుండాట, ఆ పక్కనే మందు. ఓడినవాడు పోయింది రాబట్టుకోవాలని ఆడతాడు, గెలిచినవాడు ఇంకా గెలుస్తానని ఆడతాడు. ఇప్పుడా బరి ఫోన్లోకీ వచ్చేసింది.

రెండోది పుకారు. మంచిమాటే మాట్లాడండి, లేకపోతే సైతాను మీ మధ్య తగువు పెడతాడంటుంది 17వ అధ్యాయం. విన్న కబురును నిర్ధారించుకోండి అంటుంది 49వది. జిల్లా పేరు మార్పు గొడవలో 2022 మే 24న అమలాపురం ఎలా రగిలిందో, మంత్రి, ఎమ్మెల్యేల ఇళ్లు ఎలా తగలబడ్డాయో కోనసీమ మరిచిపోలేదు. ఆ తర్వాత పుకార్లు పాకకుండా ఇంటర్నెట్టే ఆపేయాల్సి వచ్చింది. అనుమానం విషయంలో ప్రవక్త ఎంత జాగ్రత్తపడ్డారో చూడండి. ఒక రాత్రి ఆయన తన భార్య సఫియ్యాను ఇంటికి సాగనంపుతుంటే ఇద్దరు అనుచరులు చూసి గబగబా వెళ్లిపోబోయారు. ఆయన వాళ్లను ఆపి మరీ, ఈమె సఫియ్యా అని చెప్పారు. సైతాను మనిషిలో రక్తంలా పారుతుంటాడనీ, మీ మనసుల్లో అనుమానం వేస్తాడేమోననీ భయపడ్డానన్నారు. అనుమానం పుట్టకముందే తుంచేయడం ఒక బాధ్యత అన్నమాట.

మూడోది ఎడబాటు. రాజోలు, మలికిపురం, మామిడికుదురు ప్రాంతాల నుంచి కువైట్, దుబాయ్, మస్కట్‌లకు బతుకుతెరువు కోసం వెళ్లినవాళ్లు అన్ని మతాల్లోనూ ఉన్నారు. ఇబ్లీస్ నీళ్ల మీద సింహాసనం వేసుకుని మూకల చేత పని లెక్క చెప్పించుకుంటాడని ఓ హదీసు. ఎంత అల్లరి చేసొచ్చినా మెచ్చుకోడట. భార్యాభర్తల్ని విడదీశానన్నవాణ్ని మాత్రం దగ్గరికి తీసుకుంటాడట. సముద్రానికి ఆ ఒడ్డున ఒకరు, ఈ ఒడ్డున ఒకరు ఉన్న ఇళ్లకు ఈ హదీసును విడమరిచి చెప్పనక్కర్లేదు.

జబ్బుకు సైతాను పేరు

ఊదు, సాంబ్రాణి, తాయెత్తు, నెమలీకల దీవెన... తెలుగునాట మతాలకతీతంగా ఇవన్నీ ఉన్నాయి. జిన్నులున్నాయన్నది ఇస్లాం విశ్వాసంలో భాగమే. తాయెత్తుల విషయంలో మాత్రం ముస్లిం పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు. ఆ చర్చ ఎలా ఉన్నా, జబ్బును సైతానుగా పొరబడితే ప్రాణాల మీదకొస్తుంది. తమిళనాడులోని ఏర్వాడి దర్గా చుట్టూ వెలసిన ఆశ్రమాల్లో ఒకదానికి 2001 ఆగస్టు 6న నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంతో 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక చనిపోయారు. మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

వుజూ సరిగ్గా అయిందో లేదోనని పదిసార్లు కడుక్కునేవాళ్లను, నమాజు మళ్లీ మళ్లీ మొదలుపెట్టేవాళ్లను 'వస్‌వసా' పట్టిందంటారు. మనసును పట్టి పీడించే ఇలాంటి ఆలోచనల గురించి వెయ్యేళ్ల కిందటే అబూ జైద్ అల్-బల్ఖీ వైద్యదృష్టితో రాశాడు. దేహానికి జబ్బు చేసినట్టే మనసుకూ చేస్తుందన్నాడు. ప్రార్థనకూ వైద్యానికీ పేచీ లేదన్నది ఇస్లాం సంప్రదాయంలో పాతమాటే.

మినాలో గులకరాళ్లు

హజ్ యాత్రికులు ముజ్దలిఫాలో సెనగగింజంత రాళ్లు ఏరుకుంటారు. జిల్‌హజ్ నెల 10న, మినాలో సైతానుకు గుర్తుగా ఉన్న మూడు జమరాల్లో పెద్దదాని మీదకు ఏడు, ఆ తర్వాత రెండు రోజులూ మూడింటి మీదకూ ఏడేసి విసురుతారు. మొత్తం 49. 13వ తేదీ కూడా ఆగితే 70. కొడుకును అర్పించడానికి బయల్దేరిన ఇబ్రాహీం ప్రవక్తను సైతాను ఆపబోయాడనీ, ఆయన రాళ్లతో తరిమాడనీ సంప్రదాయ కథనం. తొక్కిసలాటల్ని తగ్గించడానికి 2004లో స్తంభాల స్థానంలో వెడల్పాటి గోడలు కట్టారు. 2006 జనవరిలో జరిగిన ఘోర తొక్కిసలాట తర్వాత అంతస్తుల వంతెన వచ్చింది. సైతాను ఆ గోడలో ఉంటాడన్నది ఇస్లాం విశ్వాసం కాదు. పెద్ద రాళ్లు, చెప్పులు విసరడం తప్పని పండితులు మందలిస్తారు. అక్కడ కావాల్సింది ఆవేశం కాదు, విధేయత.

బాకీ తీర్చాకే...

పడ్డవాడు లేచే దారిని తౌబా అంటారు. మధ్యవర్తి అక్కర్లేదు, రుసుము లేదు, వేళాపాళా లేదు. షరతులు మాత్రం ఉన్నాయి. చేస్తున్న తప్పు ఆపాలి, నిజంగా బాధపడాలి, మళ్లీ చేయనని గట్టిగా అనుకోవాలి. ఈ మూడూ దేవుడికీ మనిషికీ మధ్య. ఎదుటిమనిషి హక్కు ఇమిడి ఉంటే నాలుగోదీ ఉంది. కాజేసిన సొమ్ము తిరిగిచ్చేయాలి, నింద వేసివుంటే వెళ్లి క్షమాపణ అడగాలి.

తూకంలో తగ్గించినవాడైనా, అంబాజీపేట సంతలో కొబ్బరికాయల లెక్క మార్చినవాడైనా ఎన్ని రాత్రులు నమాజు చదివినా నష్టపోయినవాడి బాకీ అలాగే ఉంటుంది. అది వసూలు కావాల్సింది సైతాను ఖాతాలోంచి కాదు, అతని జేబులోంచే.