పడగ: ఒక మాట, రెండర్థములు

మొన్నటి నాగులచవితినాడు మా వీథిలో జరిగిన యొక సంగతి యీ వ్యాసమునకు కారణమైనది. పొరుగింటి యవ్వ యొక వర్తకుని గూర్చి “ఆయప్ప కోటికి పడగలెత్తినాడమ్మా!” యనగా, మా యేడేండ్ల బాలిక విని, పడగ యున్నచోట ధనముండునని తలంచి, మేము పాలుపోయుచున్న పుట్టకన్నములో చేయి పెట్టబోయినది. దైవవశమున చూచి వెనుకకు లాగితిమి. మాట తెలియమి యెంత ప్రమాదకరమో నాడు మాకు బోధపడినది.

పడగ యను రూపమున రెండు వేర్వేరు మాటలు కలసియున్నవి. మొదటిది పాముపడగ. దీనిని తమిళులు పడమనియు, కన్నడిగులు హెడె యనియు నందురు. మన పాలు వారికి హాలు, మన పులి హులి. అట్లే వారి హెడె ప్రాచీనకాలమున పెడె. ఆదోని ప్రాంతపు సోదరీమణుల కీ మార్పు పరిచితమే. సంస్కృతమున అమరకోశము దీనికి స్ఫట, ఫణ యను పేళ్లు చెప్పుచున్నది.

రెండవది జెండా. సంస్కృతపు పతాక ప్రాకృతమున పడాగా యై, తెలుగున పడగ యైనది. కోటి ధనము గల వర్తకుడు దానికి గుర్తుగా నింటిపై ధ్వజమెత్తుటయే కోటికి పడగలెత్తుట యని పెద్దలు చెప్పుదురు. ఇందు పాము ప్రసక్తియే లేదు.

మన సీమలో కొండలకును పడగ కలదు. ఆదిశేషుడు శ్రీశైలమున తోకయు, అహోబిలమున నడుమును, తిరుమలను పడగయు నుంచి పవ్వళించెనని మనవారి నమ్మకము. కర్నూలు, కడప సీమల కొండల వరుసను చూచినవారి కీ యూహ యెంత సొగసైనదో తెలియును.

నాగుపాము మెడయందలి ప్రక్కటెముకలను చాచినపుడు చర్మము విప్పారి పడగయగును. అయినను పడగలేని పాము నిరపాయమని తలపరాదు. కట్లపామునకు, రక్తపింజరికి పడగ లేదు. విషము మాత్రము మెండు. కాటుపడినవారిని మంత్రములకై నిలుపక, కదలనీయక, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర మన మాటలను ప్రేమతో నేర్చి, 1852లో నిఘంటువును ప్రచురించెను. పరదేశి కున్నపాటి శ్రద్ధ తల్లులమైన మనకు వలదా? బిడ్డ యొక మాట కర్థమడిగినపుడు విసుగుకొనక చెప్పుదము. ఆ నాటినుండి మా బాలిక జెండాను చూచినపుడెల్ల “అమ్మా! ఇది కరవని పడగ” యనుచున్నది.