వాయిదా వేయాలన్నా సంతకం ఉండాలి

2017 మే 12న వనాక్రై రాన్సమ్‌వేర్ విరుచుకుపడింది. దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు స్తంభించాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆస్పత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అది చొరబడిన విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే సెక్యూరిటీ అప్‌డేట్ ఇచ్చింది. అంటే కవచం సిద్ధమయ్యాక కూడా 59 రోజుల వ్యవధి ఉంది. ఆ తర్వాతైనా అందరూ మేలుకున్నారా? జూన్ 27న అదే లోపాన్ని కూడా వాడుకున్న నాట్‌పెట్యా, ముంబై సమీపంలోని జేఎన్‌పీటీలో ఒక కంటైనర్ టెర్మినల్‌ను నిలిపేసింది.

అప్‌డేట్ విడుదల కావడమంటే గోడకు కన్నం ఎక్కడుందో శత్రువుకూ తెలిసిపోవడమే. పాత ఫైలును, కొత్త ఫైలును పక్కపక్కన పెట్టి ఏం మార్చారో చూస్తే నిపుణుడైన హ్యాకర్‌కు లోపం దొరుకుతుంది. ఆ రోజు నుంచి మనకూ అతడికీ మధ్య పందెం మొదలైనట్టే.

అలాగని కళ్లు మూసుకుని అన్ని కంప్యూటర్లలో ఒకేసారి వేసేయడమూ క్షేమం కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన లోపభూయిష్టమైన ఫైలు 85 లక్షల విండోస్ యంత్రాలను కుప్పకూల్చింది. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ కాదు, భద్రతా సాఫ్ట్‌వేర్‌ది. అయినా సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ల జంకు అకారణమైనది కాదని రుజువు చేసింది.

కశ్మీర్‌లో కాన్వాయ్ కదిలే ముందు రోడ్ ఓపెనింగ్ పార్టీ దారిని తనిఖీ చేస్తుంది. అది పచ్చజెండా ఊపందే ఒక్క వాహనమూ కదలదు. అలాగని కాన్వాయ్ రోజుల తరబడి ఆగిపోదు. ఇక్కడా అదే పద్ధతి కావాలి. అప్‌డేట్‌ను ముందు కొన్ని యంత్రాల్లో వేసి, ఒకట్రెండు రోజులు గమనించాలి. తర్వాత ఇంటర్నెట్‌కు ఎదురుగా ఉన్న సర్వర్లు, ఆపై మిగతావి. లోపాన్ని శత్రువు అప్పటికే వాడుతున్నాడని తెలిస్తే ఈ వ్యవధిని గంటలకు కుదించాలి. ఏదైనా బెడిసికొడితే వెనక్కి రావడానికి బ్యాకప్ సిద్ధంగా ఉండాలి.

'మాది ఇంటర్నెట్ లేని నెట్‌వర్క్' అన్న ధీమా కూడా పనికిరాదు. ఇరాన్ అణుకేంద్రం నతాంజ్‌కు ఇంటర్నెట్ లేకున్నా స్టక్స్‌నెట్ చేరింది. 2010లో బయటపడిన ఆ వైరస్ పెన్‌డ్రైవ్‌ల ద్వారా పాకేలా రూపొందించినది. అలాంటి నెట్‌వర్క్‌లకు అప్‌డేట్‌ను సరిచూసి, చేత్తో మోసుకెళ్లాలి. శ్రమ ఎక్కువ కాబట్టే అక్కడ వాయిదాలూ ఎక్కువ.

అమెరికాలో పౌర ప్రభుత్వ సంస్థలకు 2021 నవంబరు నుంచి, దాడుల్లో వాడుతున్న ప్రతి లోపానికీ గడువు తేదీ ఇస్తున్నారు. మన సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల్లో, దాడి జరిగితే ఆరు గంటల్లో తెలియజేయాలంది. దెబ్బ తగిలాక చూపే ఆ కచ్చితత్వం తగలకముందూ కావాలి. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినా, దాన్నే నడుపుతున్న కార్యాలయాలు ముందుగా ఆలోచించాల్సింది ఇదే.

వాయిదా వేయడం ఒక్కోసారి సరైన నిర్ణయమే కావచ్చు. అయితే అది నిర్ణయమై ఉండాలి, అలసత్వం కాకూడదు. ఏ యంత్రానికి, ఎందుకు, ఎప్పటివరకు ఆపారో కాగితం మీద ఉండాలి. కింద బాధ్యుడైన అధికారి సంతకం ఉండాలి.