పాత పెట్టెలో క్రొత్త మదర్‌బోర్డు

మన విద్యార్థులు కంప్యూటరు పెట్టెనంతటిని సి.పి.యు. అని వ్యవహరించుచున్నారు. చెన్నపురి రిచ్చి వీధి వర్తకులును అట్లే అందురు. నిజమునకు సి.పి.యు. అనగా ప్రాసెసరు, అరచేతిలో ఇమిడెడు చిన్న పలక. దానిని, ర్యామును, డిస్కును ఒక్కటిగా కలుపునది మదర్‌బోర్డు. ఈ భేదము తెలిసినగాని ఏది మార్చవలెనో, ఏది నిలుపుకొనవచ్చునో తెలియదు.

ఈ ప్రశ్న నేడు మన సంఘము ఎదుట నున్నది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టు వారి సాధారణ సహాయము ముగిసినది. విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో 8వ తరమునకు పూర్వపువానిని సాధారణముగా అంగీకరింపదు. మా పాఠశాల యంత్రములన్నియు అంతకు పూర్వపువే. వానిని తూకమునకు వేయుటకంటె లోపలి బోర్డు మార్చుట మేలని మా అభిప్రాయము.

1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అను కొలతను ప్రకటించెను. ఆ బోర్డు పొడవు 305 మిల్లీమీటర్లు, వెడల్పు 244. మర రంధ్రముల చోట్లును అందు నిర్ణయింపబడినవి. తరువాత వచ్చిన మైక్రో ఏ.టి.ఎక్స్. బోర్డు 244 మిల్లీమీటర్ల చదరము; దాని రంధ్రములు చాలవరకు పెద్దదానితో సరిపోవును. కావున ఇరువది యేండ్లనాటి పెట్టెలో నేటి బోర్డు కూర్చుండును. కొన్ని కంపెనీల పెట్టెలకు మాత్రము వారి సొంత కొలతలే. వానియందు ఈ సౌకర్యము లేదు.

పెట్టె మిగిలినను లోపలి సరకంతయు మిగులదు. పాత ప్రాసెసరు క్రొత్త సాకెట్టులో అమరదు. డి.డి.ఆర్.3 ర్యామునకు 240 పిన్నులు, డి.డి.ఆర్.4కు 288. డి.డి.ఆర్.5కును 288 పిన్నులే గాని నడిమి గాడి చోటు వేరు. బలవంతముగా నొక్కిన విరుగును. ఎస్.ఎం.పి.ఎస్.కు 24 పిన్నుల తీగెయేగాక, ప్రాసెసరు కొరకు వేరుగా 8 పిన్నుల తీగె యున్నదో లేదో చూడవలెను.

ఇక బిగించు విధము. ప్లగ్గు తీసి, పెట్టె ఇనుమును చేతితో తాకవలెను. ఒంటిలోని స్థిరవిద్యుత్తు పోవును. ప్రాసెసరును, ర్యామును బల్లమీదనే బోర్డునకు అమర్చుట సుకరము. పిమ్మట పెట్టె వెనుక రేకు బిగించవలెను. అది మరచినవారు సర్వమును మరల విప్పుకొందురు. అన్నిటికంటె ముఖ్యమైనవి బోర్డును మోయు ఇత్తడి స్టాండాఫులు. బోర్డున రంధ్రము లేనిచోట పాత స్టాండాఫు మిగిలియున్నచో, అది అడుగునందలి టంకపు చుక్కలను తాకి షార్టు కలిగించును. క్రొత్త బోర్డు మొదటి నిమిషముననే చెడిపోవచ్చును. కావున రంధ్రములను, స్టాండాఫులను ఎంచి, చోటుకు చోటు సరిచూచిన పిమ్మటనే బోర్డును దింపవలెను. మరలు అతిగా బిగింపరాదు. పెట్టె ముందుభాగమునుండి వచ్చు సన్నని తీగెలు మిక్కిలి విసుగు పుట్టించును. స్విచ్చి తీగె తిరగబడినను పనిచేయును. దీపపు తీగె తిరగబడిన వెలుగదు.

వ్యయము లెక్కించునపుడు ఒక సంగతి గమనింపవలెను. యంత్రముతో వచ్చిన విండోస్ లైసెన్సు సాధారణముగా పాత మదర్‌బోర్డుకే కట్టుబడి యుండును. బోర్డు మారిన మరల కొనవలసి యుండును. అట్లు కొనలేనివారు ఉచితముగా లభించు ఉబుంటు లినక్సును వాడవచ్చును. అందు తెలుగు చదువుటకును, టైపు చేయుటకును వీలున్నది.