వివేకవర్ధని: పత్రికాభాషలో మూడు అంతస్తులు

ఉపోద్ఘాతం:

గ్రాంథిక, వ్యావహారిక వివాదాన్ని సాధారణంగా పండితుల మధ్య నడిచిన వ్యాకరణ చర్చగా పరిశీలిస్తారు. పత్రికల విషయంలో ఈ దృష్టి చాలదు. ఎవరిని ఉద్దేశించి ఏ భాష వాడారన్నది అక్కడ ప్రధానం. కందుకూరి వీరేశలింగం 1874లో రాజమహేంద్రవరం నుంచి ప్రారంభించిన వివేకవర్ధని ఇందుకు చక్కని నిదర్శనం.

ఆంగ్లం:

వివేకవర్ధని తెలుగు పత్రికే అయినా అందులో ఆంగ్ల విభాగం కూడా ఉండేది. ఉద్యోగుల లంచగొండితనాన్ని బయటపెట్టిన పత్రికకు దీని ప్రయోజనం స్పష్టం. తెలుగు రాని ఉన్నతాధికారి అనువాదకుని సాయం లేకుండా చదవగలిగినది ఆ భాగమే. 1878 నాటి దేశభాషా పత్రికల చట్టం ఆంగ్ల పత్రికలను మినహాయించింది. అది మద్రాసు రాజధానికి వర్తించలేదు. అయినా భాషను బట్టి పత్రికను శంకించే పాలకుల వైఖరి అందులో వ్యక్తమవుతుంది.

తెలుగులో రెండు శైలులు:

తెలుగు రచనలలోనూ శైలి ఒక్కటి కాదు. నీతిచంద్రికకు కొనసాగింపుగా సంధి, విగ్రహాలను గ్రాంథికంలో రచించిన వీరేశలింగం, పత్రికా వ్యాసాలకు సులభ గ్రాంథికాన్ని ఎంచుకున్నారు. కొక్కొండ వేంకటరత్నం మద్రాసు నుంచి నడిపిన ఆంధ్రభాషాసంజీవని ప్రౌఢశైలికి ఇది భిన్నమైన మార్గం. 1876లో వీరేశలింగం ప్రారంభించిన హాస్యసంజీవనిలోని ‘బ్రాహ్మవివాహము’ ప్రహసనంలో పాత్రలు వాడుక భాషలో మాట్లాడాయి. అంటే పాత్రల నోట చెల్లిన భాష సంపాదకీయానికి ఇంకా చెల్లలేదు. వ్యావహారికాన్ని పరిహాసానికి తగినదిగా అంగీకరించి, ఉపదేశానికి తగనిదిగా దూరం పెట్టిన ఈ విభజనే ఆనాటి భాషాదృష్టికి కీలకం.

1919 తరువాత:

1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. వీరేశలింగం అధ్యక్షులు, గిడుగు రామమూర్తి కార్యదర్శి. అదే ఏడాది మే నెలలో వీరేశలింగం మరణించారు. 1911లో మద్రాసులో స్థాపితమై, తరువాత కాకినాడకు తరలిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథిక పక్షాన నిలిచింది. ఆ విధంగా రెండు పక్షాలకూ గోదావరి మండలమే వేదిక అయింది. అయితే దినపత్రికలో వ్యావహారికానికి స్థానం కల్పించిన ఖ్యాతి 1930వ దశకంలో మద్రాసు నుంచి వెలువడిన జనవాణికి, దాని సంపాదకులు తాపీ ధర్మారావుకు దక్కింది.

ముగింపు:

ఒక పత్రికను మొత్తంగా ‘గ్రాంథిక పత్రిక’ అనో ‘వ్యావహారిక పత్రిక’ అనో వర్గీకరిస్తే ఈ అంతస్తులు కనుమరుగవుతాయి. సంపాదకీయం, వార్త, ప్రహసనం, పాఠకుల లేఖ, ప్రకటన అన్న విభాగాలను వేర్వేరుగా పరిశీలించినప్పుడే పత్రిక ఏ పాఠకుణ్ణి ఏ భాషలో గౌరవించిందో తేలుతుంది. ఆంగ్లపదాలు విరివిగా చేరుతున్న నేటి తెలుగు పత్రికల పరిశోధనకూ ఈ పద్ధతి ఉపకరిస్తుంది.