దీవులకు చేరే తేయాకు: దిగుమతి, పరీక్ష, నిల్వ

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. అక్కడి తెలుగు వ్యాపారి ఒకరు శ్రీ విజయపురంలో (2024 సెప్టెంబరు వరకు దీని పేరు పోర్ట్ బ్లెయిర్) శ్రీలంక బ్లాక్ టీని తెప్పించి చిల్లరగా అమ్మదలచుకున్నారని అనుకుందాం. ఆయన ఏయే నియమాలు పాటించాలి? వాటి వెనుక ఉన్న శాస్త్రం ఏమిటి? ఈ పాఠంలో పరిశీలిద్దాం.

బ్లాక్ టీ అంటే పాలు కలపని టీ అని కాదు. కోసిన ఆకును వాడబెట్టి, నలిపి, గాలి తగలనిస్తే అందులోని ఎంజైములు పాలీఫినాళ్లను ఆక్సీకరణం చెందిస్తాయి. రంగు, రుచి అలా ఏర్పడతాయి. ఆ తర్వాత ఆకును వేడిగాలితో ఆరబెడతారు. మన ఇళ్లలో వాడే సాధారణ టీ పొడి కూడా బ్లాక్ టీయే.

కోల్‌కతా నుండి ఓడలో వచ్చే అస్సాం టీ సముద్రం దాటినా అది దిగుమతి కాదు, దేశీయ సరుకే. దానిని అమ్మే దుకాణానికి ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ గాని లైసెన్సు గాని ఉండాలి. శ్రీలంక టీ సంగతి వేరు. దానికి దిగుమతి–ఎగుమతి కోడ్, ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఇచ్చే కేంద్ర లైసెన్సు, రెండూ అవసరం. 2006 నాటి ఆహార భద్రతా చట్టం, 2017 నాటి దిగుమతి నిబంధనలు ఇందుకు ఆధారం.

ఈ సరుకు చెన్నై రేవులో దిగిందనుకుందాం. అధికారి ముందుగా పత్రాలను, లేబులును చూస్తారు. దిగుమతిదారు పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, శాకాహార గుర్తు లేకపోతే అక్కడే ఊడిరాని స్టిక్కరు అంటించి సరిచేసుకోవచ్చు. బ్యాచ్ నంబరు, గడువు తేదీ వంటివి మాత్రం తయారైన చోటే ముద్రించి ఉండాలి. అవసరమైతే నమూనాను రెండు భాగాలుగా తీస్తారు. ఒకటి ప్రయోగశాలకు వెళుతుంది. రెండవది అప్పీలు కోసం ఉంటుంది.

ప్రయోగశాల చూసే ప్రతి అంకె ఒక్కో మోసాన్ని పట్టిస్తుంది. ఒకసారి కాచి ఎండబెట్టిన ఆకులో నీటిలో కరిగే సారం తగ్గిపోతుంది. అందుకే అది 32 శాతానికి తగ్గకూడదు. ఇసుక, మట్టి ఆమ్లంలో కరగవు; కాబట్టి ఆమ్లంలో కరగని బూడిద 1 శాతం మించకూడదు. కాడలు ఎక్కువైతే ముడి పీచు పెరుగుతుంది. దాని పరిమితి 16.5 శాతం. పురుగుమందుల అవశేషాలకు వేరే పరిమితులున్నాయి. పరీక్షలో తప్పిన సరుకును వెనక్కి పంపాలి, లేదా నాశనం చేయాలి. చిన్న వ్యాపారికి అది పెట్టుబడి మొత్తం పోవడమే.

గడువు లెక్క కూడా తెలుసుకోవాలి. దిగుమతి నాటికి సరుకుకు మొత్తం గడువులో 60 శాతమైనా, మూడు నెలలైనా, ఏది తక్కువైతే అంత మిగిలి ఉండాలి. 24 నెలల గడువున్న టీకి 60 శాతం అంటే 14 నెలల పైచిలుకు. కాబట్టి మూడు నెలలు మిగిలితే చట్టానికి చాలు. అయితే చెన్నై నుండి దీవులకు సుమారు మూడు రోజుల ఓడ ప్రయాణం. ఆపై ఓడ కోసం నిరీక్షణ, చిన్న దీవులకు మరో ప్రయాణం. ఇవన్నీ పోను అమ్ముకోవడానికి మిగిలేది తక్కువ. కొనేటప్పుడే ఎక్కువ గడువున్న సరుకును ఎంచుకోవాలి.

రేవులో నెగ్గిన టీ దుకాణంలో చెడిపోవచ్చు. ఆరబెట్టిన టీలో తేమ సుమారు 3 శాతమే. ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే దీవుల్లో మూత తెరచిన డబ్బా గాలిలోని తేమను త్వరగా పీల్చుకుంటుంది. వాసన పోతుంది, బూజు కూడా పట్టవచ్చు. టీ ఇతర వాసనలనూ పీల్చుకుంటుంది. అందువల్ల ఎండుచేపలు, సబ్బులు, కిరోసిన్ పక్కన దానిని ఉంచరాదు. గాలి చొరని చిన్న పొట్లాలు మేలు.

కొనుగోలుదారు ఇంట్లోనే రెండు పరీక్షలు చేయవచ్చు. టీ పొడిపై అయస్కాంతం తిప్పితే ఇనుప రజను అంటుకుంటుంది. వడపోత కాగితంపై పొడి చల్లి, నీటితో తడిపి, కాసేపటికి కడిగి చూస్తే కృత్రిమ రంగు మరకగా కనిపిస్తుంది. అనుమానం కలిగితే స్థానిక ఆహార భద్రతా అధికారికి తెలపాలి. రేవులో జరిగే తనిఖీ, దుకాణంలో శ్రద్ధ, ఇంట్లో జాగ్రత్త, ఈ మూడూ కలిసినప్పుడే కప్పులోని టీ సురక్షితం.