ఆటోమేటిక్ కారులో ఏటీఎఫ్ ఇంట్లోనే మార్చొచ్చా? పానా పట్టుకునే ముందు ఇది చదవండి

ఫోన్‌లో బ్యాటరీ హెల్త్ 100 నుంచి 91కి దిగితే చాలు, రోజుకి రెండుసార్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూసుకుంటాం. అదే లక్షలు పోసి కొన్న ఆటోమేటిక్ కారులో గేర్‌బాక్స్ ఆయిల్ ఏ స్థితిలో ఉందని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. "అది లైఫ్‌టైమ్ ఆయిల్ బ్రో, మార్చక్కర్లేదు" అనే మాట మాత్రం రెడీగా ఉంటుంది.

ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు, అలాగని పూర్తిగా నిజమూ కాదు. హ్యుందాయ్ ఆరు గేర్ల ఆటోమేటిక్‌నే తీసుకోండి. మామూలు వాడకం పట్టికలో ఈ ఆయిల్‌కి తనిఖీ, సర్వీసు అక్కర్లేదనే ఉంటుంది. కానీ ఇంకో పట్టిక కూడా ఉంటుంది, కఠినమైన వాడకానికి. అందులో మాత్రం మార్చాలని కిలోమీటర్ల లెక్కతో సహా ఉంటుంది. ఇంతకీ కఠినమైన వాడకం అంటే ఏంటి? 32 డిగ్రీలు దాటిన ఎండలో, సగానికి పైగా రద్దీ సిటీ ట్రాఫిక్‌లోనే నడపడం కూడా అందులోకే వస్తుంది. అమీర్‌పేట నుంచి గచ్చిబౌలికి రోజూ ఆఫీసుకి వెళ్లేవాళ్లు, మే నెలలో బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో నిలబడేవాళ్లు... మనం మామూలు అనుకునేదే కంపెనీ భాషలో కఠినం అన్నమాట. బీఎమ్‌డబ్ల్యూ లాంటి కార్లకి గేర్‌బాక్స్‌లు తయారుచేసే జర్మన్ కంపెనీ జెడ్‌ఎఫ్ కూడా తన ఆటోమేటిక్‌లలో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లలోపు ఆయిల్ మార్చమనే చెబుతుంది. కారు అమ్మేవాళ్లు లైఫ్‌టైమ్ అన్నా సరే, గేర్‌బాక్స్ చేసినవాళ్ల మాట ఇది.

ఇంతకీ ఈ ఆయిల్ ఏం చేస్తుంది?

ఇంజిన్ ఆయిల్ పని ముఖ్యంగా రాపిడి తగ్గించడం. ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్‌కి అంతకంటే ఎక్కువ బాధ్యతలున్నాయి. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ శక్తిని గేర్లకి చేరవేసేది అదే. వాల్వ్ బాడీలో ప్రెషర్ రూపంలో గేర్లు మార్చేదీ, క్లచ్ ప్లేట్లని నొక్కిపట్టేదీ, ఆ వేడిని కూలర్ దాకా మోసుకెళ్లేదీ అదే. అన్నిటికంటే గమ్మత్తు ఏంటంటే, గేర్ పళ్ల దగ్గర జారుడుగా ఉండాల్సిన ఈ ద్రవమే క్లచ్ ప్లేట్ల మధ్య సరిగ్గా కావాల్సినంత పట్టు ఇవ్వాలి. జారాలి, కానీ లెక్కగా జారాలి. ఆ లెక్క కుదిర్చేవి అందులో కలిపే ఫ్రిక్షన్ మాడిఫయర్లు. ఒకప్పుడు అమెరికాలో ఈ పనికి స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవాళ్లు. 1970ల మొదట్లో తిమింగలాల రక్షణ చట్టాల దెబ్బకి అది ఆగిపోయి రసాయనాలు వచ్చాయి.

వేడి, వాడకం పెరిగేకొద్దీ ముందు అరిగిపోయేవి ఈ మాడిఫయర్లే. గేర్ పడేటప్పుడు చిన్న జర్క్, 40-60 వేగంలో సన్నని వణుకు మొదలవడానికి ఇదొక కారణం.

ముందు మీది ఏ ఆటోమేటిక్?

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. రెండు పెడళ్లున్న ప్రతి కారులోనూ ఏటీఎఫ్ ఉండదు.

మారుతీలో ఏజీఎస్ అని రాసి ఉంటే అది ఏఎమ్‌టీ. 2014లో సెలెరియోతో వచ్చిన ఈ టెక్నాలజీలో లోపలున్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కి గేర్ మార్చే పని మన కాలూ చెయ్యీ బదులు ఒక యాక్చుయేటర్ చేస్తుంది. గేర్‌బాక్స్‌లో ఉండేది గేర్ ఆయిల్, యాక్చుయేటర్‌ది వేరే ఫ్లూయిడ్. ఇందులో ఏటీఎఫ్ పోస్తే అంతే సంగతులు.

హోండా సిటీ, అమేజ్ లాంటి వాటిలో ఉండేది సీవీటీ. అందులో గేర్లకి బదులు రెండు పుల్లీలు, వాటి మధ్య స్టీల్ బెల్టు. లోహం లోహాన్ని పట్టుకుని తిరగాలి కాబట్టి దానికి కావాల్సిన పట్టు వేరు, ఫ్లూయిడ్ కూడా వేరు. హోండా అయితే హెచ్‌సీఎఫ్-2 అని ప్రత్యేకంగా చెబుతుంది. పోలో, ర్యాపిడ్ లాంటి ఫోక్స్‌వాగన్, స్కోడా కార్లలో వచ్చిన ఏడు గేర్ల డీఎస్‌జీ డ్రై క్లచ్ రకం. దాని కథ పూర్తిగా వేరు, ఇంటి దగ్గర ముట్టుకోకపోవడమే మేలు.

కాబట్టి ఇక్కడి నుంచి చెప్పేదంతా టార్క్ కన్వర్టర్ ఉన్న అసలు సిసలు ఆటోమేటిక్ గురించే. ఉదాహరణగా మొదటి తరం క్రెటా 1.6 పెట్రోల్ లాంటి కార్లలోని హ్యుందాయ్ ఆరు గేర్ల బాక్స్‌ని పెట్టుకుందాం. మన రోడ్ల మీద బాగా కనిపించేదీ, ఇప్పుడు వారంటీ దాటిపోయిందీ అదే. వారంటీ ఇంకా నడుస్తున్న కారైతే ఈ పని ఇంట్లో చేయకండి. రేపు ఏదైనా క్లెయిమ్ వస్తే సర్వీస్ సెంటర్ బిల్లే మీ చేతిలో ఉన్న ఆధారం.

ఈ బాక్స్‌కి కావాల్సింది ఎస్‌పీ-4 స్పెక్ ఫ్లూయిడ్. పాత నాలుగు గేర్ల బాక్స్‌లకి వాడిన ఎస్‌పీ-3 పేరు దగ్గరగా ఉన్నా చిక్కదనం ఎక్కువ, పోయకూడదు. ఎరుపు రంగు చూసి ఏమీ తేల్చకండి. అది ఇంజిన్ ఆయిల్ నుంచి తేడా తెలియడానికి కలిపే రంగు మాత్రమే. "అన్ని కార్లకీ పనికొస్తుంది" అని రాసుండే డబ్బాలంటే నాకు నమ్మకం తక్కువ. డబ్బా వెనక మీ స్పెక్ పేరు స్పష్టంగా ఉంటేనే ఆలోచించండి. నకిలీ ఆయిల్స్ బెడద ఉంది కాబట్టి కంపెనీ విడిభాగాలు అమ్మే డీలర్ దగ్గరే బిల్లుతో తీసుకోండి.

అసలు చిక్కు లెవెల్ దగ్గర

ఆయిల్ దించడం, పోయడం పెద్ద విద్య కాదు. సరిగ్గా ఎంత ఉండాలో అంతే ఉంచడమే కష్టం. ఈ బాక్స్‌కి డిప్‌స్టిక్ లేదు. లెవెల్ ప్లగ్ ఒకటి ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా, కారు సమతలంగా ఉండగా, ఫ్లూయిడ్ 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఆ ప్లగ్ తీస్తే సన్నని ధారగా కారాలి. అదే సరైన లెవెల్.

డిగ్రీల పట్టింపు ఎందుకంటే, ఆయిల్ వేడికి వ్యాకోచిస్తుంది. ఎనిమిది లీటర్ల ఆయిల్ 30 నుంచి 80 డిగ్రీలకి వెళ్తే దాదాపు పావు లీటరు పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు చూసి సరిపోయింది అనుకుంటే నిజానికి ఎక్కువ పోసినట్టే. ఎక్కువైతే తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురగ తెస్తాయి, నురగలో ప్రెషర్ నిలవదు. మరీ వేడిగా ఉన్నప్పుడు చూస్తే తక్కువ నింపుతారు. అప్పుడు పంపు గాలి పీలుస్తుంది, క్లచ్‌లు జారి వేడెక్కుతాయి. ఇంజిన్ ఎందుకు నడుస్తుండాలంటే, ఆపేస్తే పైన తిరుగుతున్న ఆయిల్ కిందికి దిగి లెవెల్ తప్పుగా చూపిస్తుంది.

ఉష్ణోగ్రత తెలుసుకోవడం మన సైట్ పాఠకులకి ఇష్టమైన భాగం. బ్లూటూత్ ఓబీడీ డాంగిల్, ఒక యాప్ ఉంటే చాలు అనుకుంటాం. కానీ ఇంజిన్ కూలెంట్ ఉష్ణోగ్రతలాగా గేర్‌బాక్స్ ఆయిల్ ఉష్ణోగ్రత అన్ని కార్లకీ ఒకే కోడ్‌తో రాదు. ప్రతి కంపెనీకీ దాని సొంత కోడ్ ఉంటుంది. అందుకని మీ మోడల్ ప్రొఫైల్ ఉన్న యాప్ ఎంచుకుని, ఆయిల్ కొనకముందే ఒకసారి రీడింగ్ వస్తోందో లేదో చూసుకోండి. ఉదయం చల్లటి ఇంజిన్ మీద ఆ అంకె బయటి వాతావరణానికి దగ్గరగా ఉండాలి. లేకపోతే యాప్ ఇంకేదో చదువుతోందన్నమాట. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ రెండో దారి. మెరిసే అల్యూమినియం మీద అది తప్పు చెబుతుంది కాబట్టి గేర్‌బాక్స్ మీద చిన్న నల్ల టేపు ముక్క అంటించి, దాని మీద గురిపెట్టండి.

ఇక పని

జాకీ ఒక్కటే పెట్టి కారు కిందికి దూరడం అనే ఆలోచన ఉంటే ఇక్కడే ఆగిపోండి. ఆ జాకీ టైరు మార్చడానికి ఇచ్చింది. నాలుగు వైపులా గట్టి స్టాండ్లు, గట్టి నేల కావాలి. ముందు వైపే లేపితే కారు వాలుతుంది, లెవెల్ లెక్క మొత్తం తప్పుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్ నేల చదునుగానే ఉంటుంది కానీ గాలి ఆడదు. ఇంజిన్ నడిపి చూడాల్సిన పని కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం నిజంగానే ఉంది, బయట ఆరుబయలే సరి. ఈ రెండూ కుదరకపోతే లిఫ్ట్ ఉన్న తెలిసిన మెకానిక్ దగ్గరికి మీ ఆయిల్, మీ డాంగిల్ పట్టుకెళ్లి పక్కన నిలబడి చేయించుకోవడం ఏ మాత్రం చిన్నతనం కాదు.

మొదట విప్పాల్సింది కింది ప్లగ్ కాదు, పైన ఆయిల్ పోసే ప్లగ్. అది తుప్పుపట్టి రాకపోతే, ఉన్న ఆయిల్ దించేశాక మళ్లీ పోసే దారి ఉండదు. కారు అక్కడే కూర్చుంటుంది. పైది వచ్చిందని తేలాక, ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు కిందిది తీయండి. మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. దిగిన ఆయిల్‌ని కొలతలున్న డబ్బాలోకి ఒంపి లీటర్లు, మిల్లీలీటర్లతో సహా రాసుకోండి. ప్లగ్‌కి కొత్త వాషర్ వేసి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించండి. అల్యూమినియం కేసింగ్ కాబట్టి ఇక్కడ బలప్రదర్శన వద్దు, మర పోతే ఖర్చు పెద్దది.

ఇప్పుడు దిగినంత కొత్త ఆయిల్ పోసి, పైన ఇంకో 700 మిల్లీలీటర్లు కలపండి. ఒకరు సీట్లో కూర్చుని బ్రేక్ గట్టిగా నొక్కిపట్టి ఇంజిన్ స్టార్ట్ చేయాలి. పార్క్ నుంచి డ్రైవ్ దాకా, మళ్లీ వెనక్కి, ఒక్కో స్థానంలో రెండు మూడు సెకన్లు ఆపుతూ లివర్ కదపాలి. చక్రాలు గాల్లో ఉంటాయి కాబట్టి ఈ సమయంలో కింద ఎవరూ ఉండకూడదు. పార్క్‌లోకి వచ్చి, హ్యాండ్‌బ్రేక్ వేసి, 50 దాటాక లెవెల్ ప్లగ్ తీస్తే ఎక్కువైంది బయటికి పోతుంది. ధార సన్నని దారంలా అయ్యాక మూసేయండి. అసలేమీ రాకపోతే ఇంజిన్ ఆపి, ఇంకొంచెం పోసి, మళ్లీ మొదటి నుంచి.

ఈ బాక్స్‌లో మొత్తం ఆయిల్ ఏడు లీటర్ల పైచిలుకు. కానీ ఒకసారి దించితే అంతా రాదు. టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో చాలా మిగిలిపోతుంది. ఒక్కోసారి సగం మారుతోంది అనుకుంటే మొదటిసారి 50 శాతం కొత్తది, రెండోసారికి 75, మూడోసారికి 87.5. మధ్యలో కొన్ని వందల కిలోమీటర్లు నడిపి రెండుసార్లు మార్చడం సరిపోతుందని నా అభిప్రాయం. మెషిన్‌తో ఒకేసారి మొత్తం తోసేసే ఫ్లషింగ్ కంటే ఇది నెమ్మది, కానీ ఇంట్లో చేయదగ్గది ఇదే.

దిగిన ఆయిల్‌ని ఒకసారి తెల్ల కాగితం మీద చుక్క వేసి చూడండి. గోధుమ రంగులోకి మారడం వయసు లక్షణం, భయపడక్కర్లేదు. మాడు వాసన, మెరిసే రేకు ముక్కలు కనిపిస్తే మాత్రం విషయం ఆయిల్ దాటిపోయింది. "పాత ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ పోతుంది" అనే పుకారు పుట్టింది కూడా ఇలాంటి కార్ల వల్లే అనిపిస్తుంది. లక్షన్నర తిరిగి, గేర్లు జారడం మొదలయ్యాక మారుస్తారు, అరిగిన క్లచ్ ప్లేట్లు కొత్త ఆయిల్‌తో బాగుపడవు, నెలలో బాక్స్ దిగుతుంది, నింద ఆయిల్ మీద పడుతుంది. మీ కారు ఇప్పటికే జారుతుంటే ముందు మెకానిక్‌కి చూపించండి.

పదిహేను ఇరవై కిలోమీటర్లు నడిపొచ్చి రెండు ప్లగ్‌ల దగ్గరా చెమ్మ ఉందేమో చూడండి. పాత ఆయిల్ మన చట్టాల ప్రకారం ప్రమాదకర వ్యర్థం, డ్రైనేజీలో పోయొద్దు. కొత్తది వచ్చిన డబ్బాల్లోకే ఒంపి, వాడిన ఆయిల్ తీసుకునే వర్క్‌షాప్‌కి ఇచ్చేయండి. ఇచ్చేదాకా డబ్బా మీద మార్కర్‌తో "పాతది" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి. కంపెనీ లేబుల్ చూసి ఇంట్లో ఇంకెవరైనా కొత్త ఆయిల్ అనుకునే అవకాశం ఉంది.