గడియారంతో పోటీ... న్యూక్లియర్ మెడిసిన్ కొలువు

ఉదయం ఏడున్నర. స్కానింగ్ సెంటర్ ముందు వ్యాన్ ఆగింది. బరువైన లెడ్ కంటైనర్ దించారు. దాని లోపల చిన్న గాజు సీసా, అందులో పెట్ స్కాన్‌కు వాడే ఎఫ్‌డీజీ అనే మందు. ఉదాహరణకు 8 గంటలకు కొలిస్తే అందులో 80 మిల్లీక్యూరీలు ఉన్నాయనుకుందాం. 9.50కి 40 మిగులుతాయి. 11.40కి 20 మాత్రమే. ఒక్క చుక్క వాడకపోయినా అంతే! మందులోని ఫ్లోరిన్-18 అర్ధాయువు సుమారు 110 నిమిషాలు మరి. ఒక్కో పేషెంట్‌కు 8 మిల్లీక్యూరీలు కావాలంటే ఉదయం పది మందికి సరిపోయే మందు, మధ్యాహ్నం కాకముందే ఇద్దరికే వస్తుంది. ఈ లెక్క పట్టుకుని రోజంతా నడిపేది న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్ట్. సైన్స్ చదివి, ఆరోగ్య రంగంలో స్థిరపడాలనుకునే మీరు ఈ కొలువు గురించి తెలుసుకోవాల్సిందే.

ఎక్స్‌రేకి, దీనికి తేడా ఏంటి?

ఎక్స్‌రే, సీటీల్లో యంత్రం బయటి నుంచి కిరణాలు పంపుతుంది. అవయవం ఆకారం ఎలా ఉందో చెబుతుంది. ఇక్కడ రేడియోధార్మిక మందును ఒంట్లోకి ఇస్తారు. లోపలి నుంచి వచ్చే కిరణాలను కెమెరా పట్టుకుంటుంది. అవయవం ఎలా పనిచేస్తోందో తెలుస్తుంది. ఎఫ్‌డీజీ చక్కెర లాంటిది. చాలా రకాల క్యాన్సర్ కణాలు చక్కెరను ఎక్కువగా లాగేసుకుంటాయి కాబట్టి అవి స్కాన్‌లో వెలుగుతూ కనిపిస్తాయి. ఎముకలు, కిడ్నీలు, గుండె స్కాన్లకు ఎక్కువగా టెక్నీషియం-99ఎం వాడతారు. దీని అర్ధాయువు 6 గంటలు. మాలిబ్డినం-99 ఉన్న జనరేటర్ నుంచి దీన్ని రోజూ ఉదయం సెంటర్లోనే తీస్తారు. ఈ వృత్తిలో జనరేటర్‌ను ‘ఆవు’ అని, మందు తీయడాన్ని ‘పాలు పితకడం’ అని సరదాగా అంటుంటారు.

ఇడ్లీ తిని వచ్చేస్తే?

అవుట్‌పేషెంట్ సెంటర్లో వార్డులు ఉండవు. అందరూ ఇంటి నుంచే వస్తారు. కొందరు తెల్లవారుజామున బస్సెక్కి వస్తారు. ఎఫ్‌డీజీ స్కాన్‌కు కనీసం 4 నుంచి 6 గంటలు ఏమీ తినకూడదు. అయినా ‘రెండిడ్లీలే కదా తిన్నాను బాబూ’ అనే పెద్దాయన ఒకరు తగులుతారు. షుగర్ ఉన్నవారికి రక్తంలో గ్లూకోజ్ సాధారణంగా 200 మిల్లీగ్రాములకు మించితే స్కాన్ వాయిదా వేస్తారు. ఎక్కువుంటే మందు చేరాల్సిన చోటికి సరిగా చేరదు. రిపోర్ట్ తప్పుదారి పట్టొచ్చు. అప్పుడు మీరేం చేయాలి? డాక్టర్‌కు చెప్పాలి. ఆయన వెనక్కి వెళితే తర్వాతి వారిని ముందుకు తేవాలి. మిగిలిన మందు ఎంతమందికి వస్తుందో మళ్లీ లెక్కేయాలి. ఇదంతా నిమిషాల్లో జరగాలి.

ఇంజెక్షన్ ఇచ్చాక పేషెంట్‌ను దాదాపు గంటసేపు ప్రశాంతంగా పడుకోబెడతారు. మాట్లాడితే, అటూ ఇటూ తిరిగితే కండరాలు మందును లాగేసుకుంటాయి. ఆ తర్వాతే స్కాన్. సూది గుచ్చినచోట మందు నరం బయటకు కారితే దాచకూడదు, రాసిపెట్టాలి. మీరు రాయని ఆ ఒక్క మాట వల్ల డాక్టర్ చంకలో లేని గడ్డను అనుమానించే ప్రమాదం ఉంది.

అడగడానికి మొహమాటపడొద్దు

పేరు ఒక్కటే అడిగి ఇంజెక్షన్ ఇవ్వకూడదు. ఒకే పేరున్నవాళ్లు ఇద్దరు అదే రోజు రావొచ్చు. పేరుతోపాటు పుట్టిన తేదీ లేదా ఐడీ నంబర్, ఏ స్కాన్ రాశారో సరిచూడాలి. మహిళలను గర్భం గురించి, పిల్లలకు పాలివ్వడం గురించి అడగాల్సిందే. అత్తగారో, భర్తో పక్కనుంటే చాలామంది నిజం చెప్పలేరు. ‘అమ్మా, ఒక్క నిమిషం లోపలికి రండి’ అని పిలిచి, ‘ఈ నెల డేట్ వచ్చిందా?’ అని మెల్లగా అడగడం కూడా ఈ ఉద్యోగంలో నైపుణ్యమే.

రేడియేషన్ భయమా?

ఇంట్లోవాళ్లు మొదట అడిగేది ఇదే. భయం కాదు, క్రమశిక్షణ కావాలి. సూత్రాలు మూడు: తక్కువ సమయం, ఎక్కువ దూరం, సరైన అడ్డు. చిన్న మూలం నుంచి దూరం రెండింతలు చేస్తే మీకు తగిలే కిరణాలు నాలుగో వంతుకు తగ్గుతాయి. సిబ్బంది టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకోవాలి. దాన్ని మూడు నెలలకోసారి పరీక్షిస్తారు. అణుశక్తి నియంత్రణ బోర్డు (ఏఈఆర్‌బీ) పరిమితి ప్రకారం సిబ్బందికి ఐదేళ్ల సగటు ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదు. ఏ ఒక్క ఏడాదీ 30 మించకూడదు. బ్యాడ్జిని డ్రాయర్‌లో పడేసి పనిచేయమనే చోట చేరకపోవడమే మేలు.

ఏం చదవాలి?

ఇంటర్ సైన్స్ తర్వాత బీఎస్సీ న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీ చేయొచ్చు. పుదుచ్చేరి జిప్‌మర్, మణిపాల్ వంటిచోట్ల ఈ కోర్సు ఉంది. దిల్లీ ఎయిమ్స్‌లో ఎమ్మెస్సీ ఉంది. ముంబయిలో బార్క్‌కు చెందిన రేడియేషన్ మెడిసిన్ సెంటర్ సైన్స్ డిగ్రీ చేసినవారికి ఈ రంగంలో కోర్సులు నడుపుతోంది. ఫిజిక్స్ గట్టిగా ఉండాలి. కెమిస్ట్రీ, అనాటమీ కూడా తోడవ్వాలి. తర్వాత రేడియలాజికల్ సేఫ్టీ ఆఫీసర్ (ఆర్‌ఎస్‌ఓ) అర్హత సంపాదిస్తే మీ విలువ పెరుగుతుంది. ప్రతి న్యూక్లియర్ మెడిసిన్ కేంద్రానికీ ఆర్‌ఎస్‌ఓ తప్పనిసరి.

ఫీజు కట్టేముందు...

‘ఇమేజింగ్ టెక్నాలజీ’ అన్న పేరు చూసి చేరిపోకండి. రేడియోగ్రఫీ డిప్లొమాతో ఎక్స్‌రే, సీటీ ఉద్యోగాలకు వెళ్లొచ్చు. న్యూక్లియర్ మెడిసిన్‌కు ప్రత్యేక అర్హత కావాలి. కాలేజీవాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. ఈ కోర్సు ఏఈఆర్‌బీ చెప్పిన అర్హతకు సరిపోతుందా? పనిచేస్తున్న గామా కెమెరా, పెట్-సీటీల మీద శిక్షణ ఎన్ని నెలలు? గతేడాది బ్యాచ్ ఎక్కడ పనిచేస్తోంది? జవాబు తేలిగ్గా దాటేస్తే బయటికొచ్చేయండి. ఇంకో సంగతి. ఈ కేంద్రాలు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉన్నాయి. సొంతూళ్లోనే ఉద్యోగం కావాలనుకుంటే ముందే ఆలోచించుకోండి.

చివరిగా ఒక మాట. స్కాన్ అయ్యాక బల్ల మీంచి దిగుతూ దాదాపు ప్రతి పేషెంటూ అడుగుతారు... ‘నాకేముంది బాబూ?’ అని. తెర మీద మీరు చూసే ఉంటారు. కానీ చెప్పాల్సింది మీరు కాదు, డాక్టర్. అలాగని మొహం తిప్పుకోకూడదు. ‘డాక్టర్ గారు చూసి రిపోర్ట్ ఇస్తారమ్మా. ముందు మంచినీళ్లు బాగా తాగండి, ఏమైనా తినండి’ అని చెయ్యందించి దించాలి. గడియారం తరుముతున్నా ఆ ఒక్క నిమిషం ఆగగలిగితే, ఈ కొలువు మీకు సరిపోతుంది.